గరగర గేర్‌బాక్సుదా, క్లచ్‌దా?

ప్రశ్న: అన్నా, మాది రాపూరు దగ్గర పల్లె. నిమ్మతోట ఉంది. 1999 మోడల్ జిప్సీ కింగ్ నాలుగేళ్ళ కిందట కొన్నాను. కాయ కోసిన రోజు బస్తాలు వేసుకుని పొదలకూరు మార్కెట్‌కి, మిగతా రోజులు తోటకి, అప్పుడప్పుడు ఇంట్లోవాళ్ళతో పెంచలకోనకి పోతుంటాను. రెండు మూడు నెలలుగా పొద్దున్నే రివర్సు వేస్తే గరగరమంటోంది. మూడో గేరు నుంచి రెండుకి తెచ్చేటప్పుడు కూడా అంతే. న్యూట్రల్లో ఆపి ఉంచితే గుయ్యిమని ఒక మోత, క్లచ్ తొక్కితే ఆగిపోద్ది. పోయిన నెల వాగు ఇసకలో దిగబడి అరగంట తంటాలు పడ్డాక కాలిన వాసన వచ్చింది. అప్పట్నుంచి బస్తాలతో ఎత్తు ఎక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం పాకుతుంది. ఒక మెకానిక్ చూసి గేర్‌బాక్సే పోయింది, సెకండ్ హ్యాండ్ బాక్సు, క్లచ్ సెట్టు, కూలీ అన్నీ కలిపి 42 వేలు అన్నాడు. ఇంకొకాయన కేబుల్ బిగించి మూడొందలు తీసుకున్నాడు. రివర్సు గరగర తగ్గింది గానీ జారడం ఇంకా ఎక్కువైంది. ఫోర్ వీల్ చిన్న లివర్ పట్టేసింది, ఎప్పుడూ వాడింది లేదు. మా బావ ట్రాక్టర్లు రిపేరు చేస్తాడు, మనమే దించుదాం అంటున్నాడు. వైశాఖంలో కోన బ్రహ్మోత్సవాలకి బండి కావాలి. ఎవరి మాట వినమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇద్దరూ సగం సగం చూశారు. ఒకాయన బండి కింద దూరకుండానే బాక్సు పోయిందన్నాడు, ఇంకొకాయన కేబుల్ దగ్గరే ఆగిపోయాడు. నీ జాబులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది నువ్వు మాటల్లో మాటగా రాసేసిన ముక్క: బిగించాక రివర్సు నెమ్మదించింది, జారడం పెరిగింది. ముడి అక్కణ్ణుంచే విప్పొచ్చు.

క్లచ్‌కి పెద్ద జబ్బులు రెండే. తొక్కినా పూర్తిగా విడవకపోవడం ఒకటి, వదిలినా పూర్తిగా పట్టకపోవడం రెండోది. జిప్సీలో నీ కాలికీ క్లచ్‌కీ మధ్య ఉన్నది ఒక్క కేబుల్. అది సాగినా, చివర పోగులు తెగినా, నువ్వు నేలదాకా తొక్కినా క్లచ్ ప్లేటు ఇంజన్ని వదలదు. లోపలి షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. నిలబడి ఉన్న పళ్ళకి తిరుగుతున్న పళ్ళని తగిలిస్తే గరగరమనక ఏం చేస్తాయి? వినేవాడికి అది గేర్‌బాక్సు ఏడుపు. తప్పు మాత్రం క్లచ్‌ది. అదే కేబుల్ని అతిగా బిగిస్తే ఇంకో తంటా. పెడల్ మీద కాలు లేకపోయినా ఎవరో ఎప్పుడూ కొంచెం తొక్కి పట్టుకున్నట్టే ఉంటుంది. ప్లేటు జారుతుంది, జారి వేడెక్కుతుంది, వేడెక్కి ఇంకా జారుతుంది.

నీ బండిలో జరిగింది వరసగా ఇదని నా అంచనా. మొదట కేబుల్ సాగింది, రివర్సు గరగర మొదలైంది. సరిగ్గా విడవని క్లచ్‌తోనే రెండు మూడు నెలలు రెండో గేరు వేశావు కాబట్టి ఆ గేరు తాలూకు ఇత్తడి రింగు కొంత అరిగి ఉండొచ్చు. తర్వాత వాగు ఇసుకలో అరగంట హాఫ్ క్లచ్ మీద ప్లేటు కాల్చావు. కాలి నున్నబడిన ప్లేటుకి పట్టు ఉండదు. ఆ పైన వచ్చినాయన కేబుల్ బిగించేసరికి ఉన్న కాస్త పట్టూ పోయింది. ఇందులో గేర్‌బాక్సు మొత్తం మార్చాల్సిన పని నాకెక్కడా కనిపించలేదు. ఆ రింగు కాక, న్యూట్రల్ మోత ఒక్కటే నిజంగా బాక్సు లోపలిది, దాని దగ్గరికి వస్తాను.

అయితే నా అంచనా మీద ఒక్క నట్టు కూడా విప్పొద్దు. ముందు పరీక్షలు చెయ్యి. అరపూట చాలు.

పెడల్‌ని చేత్తో నొక్కి చూడు. దాదాపు ఒక అంగుళం, అంటే 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఊరికే దిగి, అప్పుడు బరువు తగలాలి. నీ పెడల్ ఇప్పుడు ముట్టుకోగానే బరువుగా ఉంటుందని నా అనుమానం. కేబుల్ చివర ఉన్న నట్టు వదులు చేసి ఆ అంగుళం తిరిగి తెప్పించు. బావని పెడల్ తొక్కమని, నువ్వు బానెట్ ఎత్తి కేబుల్ వైపు చూడు. తొడుగు వంగుతోందా, పోగులు చిట్లాయా, కేబుల్ ఆనుకునే రేకు కదులుతోందా, కింద క్లచ్ ఆర్మ్ ఎంత కదులుతోంది, ఇవన్నీ కంటికి కనిపించేవే. కేబుల్ పాతదైతే ఆలోచించకుండా కొత్తది వేసెయ్. ఈ కథలో అన్నిటికంటే చవకైన సామాను అదే.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ నేలదాకా తొక్కి, మనసులో అయిదు లెక్కబెట్టి, అప్పుడు రివర్సు వెయ్యి. రివర్సే ఎందుకంటే ఈ బాక్సులో ముందుకి పోయే గేర్లన్నిటికీ సింక్రో రింగులున్నాయి, అంటే పళ్ళు కలిసేముందు రెండు వైపులా వేగం సమానం చేసే ఆ ఇత్తడి రింగులే, రివర్సుకి లేదు. దానికి దాచుకోవడం చేతకాదు. అయిదు లెక్కబెట్టాక కూడా గరగరమంటే క్లచ్ విడవడం లేదు. నెమ్మదిగా పడితే క్లచ్ విడుస్తోంది, రెండో గేరు సంగతి విడిగా చూడాలి.

రెండో గేరుకి పాత లారీ డ్రైవర్ల పద్ధతి ఉంది, డబుల్ క్లచ్. మూడులో పోతూ క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తే, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ కొంచెం అందించు, మళ్ళీ క్లచ్ తొక్కి రెండో గేరు వెయ్యి. ఇలా వేస్తే వెన్నలా పడి, మామూలుగా వేస్తే గరగరమంటే, అది సింక్రో రింగు అరుగుడే. రివర్సు కూడా శుభ్రంగా పడుతూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. సింక్రో లేని బాక్సుల మీద బతికిన డ్రైవర్లకి ఇది ఊపిరి తీసినంత తేలిక. మనకి రెండ్రోజులు అలవాటు కావాలి. ఇంకో సంగతి, ఒక్క రెండో గేరు రింగే అరిగి, మిగతా బాక్సు బాగుంటే, డబుల్ క్లచ్ వేసుకుంటూ ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళున్నారు. డబ్బు ఇప్పుడు చేతిలో లేకపోతే అదొక దారి.

జారుడు పరీక్ష కూడా చెప్తాను గానీ ఒక్కసారే చెయ్యి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో గంటకి 40 కిలోమీటర్ల మీద పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఇంజన్ గొంతు ముందు పెరిగి, బండి తర్వాత తీరిగ్గా వస్తే ప్లేటు అయిపోయింది. నువ్వు ఎత్తు మీద బస్తాలతో ఈ పరీక్ష ఎప్పుడో చేసేశావు, ఫలితం కూడా రాశావు. మళ్ళీ మళ్ళీ చేసి ఫ్లైవీల్ (ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం) కాల్చొద్దు.

ఇక మోత. న్యూట్రల్లో, క్లచ్ మీద కాలు లేనప్పుడు మోత ఉండి, తొక్కగానే ఆగిందంటే, తొక్కినప్పుడు ఏది తిరగడం మానేస్తుందో దాంట్లోనే లోపం. అంటే ఇంజన్ నుంచి బాక్సు లోపలికి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు ముందు బేరింగు గానీ, కింద ఉండే లే షాఫ్టు బేరింగులు గానీ. తొక్కినప్పుడు మాత్రమే మోత వచ్చి ఉంటే, పెడల్ తొక్కితే క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగు అనేవాణ్ణి, నీది అది కాదు. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి నాలుగో గేరు ఉంది. నాలుగో గేరులో షాఫ్టులు నేరుగా కలిసిపోతాయి, లే షాఫ్టు మీద బరువు పడదు. మూడులో, అయిదులో మోత గట్టిగా వచ్చి నాలుగులో బాగా తగ్గితే లే షాఫ్టు బేరింగులు. నాలుగులోనూ అలాగే ఉంటే ముందు బేరింగు వైపు చూడమను. ఈ మోత కాకుండా, బండి కదిలేటప్పుడే వచ్చేది ఇంకోటి అన్ని గేర్లలో ఒకేలాగా, సీటు కింద నుంచి వస్తున్నట్టు ఉంటే అది అసలు గేర్‌బాక్సే కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక చక్రాలకి బలం పంచే డబ్బా. జిప్సీలో ఆ రెండూ విడివిడి డబ్బాలు, మధ్యలో చిన్న షాఫ్టు. ఒకదాని పాపం ఇంకోదాని మీదకి తేలిగ్గా పోతుంది.

అలా పోయే పాపాలు ఇంకో రెండు చెప్తాను. గేరు లివర్ కింద ప్లాస్టిక్ బుష్షు ఒకటి ఉంటుంది. అది అరిగితే లివర్ గరిటెలా ఎటుపడితే అటు తిరుగుతుంది, రెండు వేద్దామంటే నాలుగులోకి పోతుంది. చాయ్ డబ్బులకి దొరికే బుష్షు కోసం బాక్సు దింపించుకున్నవాళ్ళని చూశాను. రెండోది, ట్రాన్స్‌ఫర్ కేసుని పట్టుకుని ఉండే రబ్బరు మౌంట్లు. అవి చిరిగితే క్లచ్ వదిలిన ప్రతిసారీ కింద దడ్‌మని కొడుతుంది. బండి కింద దూరి, ఆ కేసుని చేత్తో ఊపి చూడు. బయటపడుతుంది.

తర్వాత బాక్సు ఆయిల్. బండి కొంచెం తిరిగి వచ్చి గోరువెచ్చగా ఉన్నప్పుడు దించు. పక్కన ఉండే లెవెల్ ప్లగ్గు ముందు విప్పి, అది వచ్చాకే కిందిది విప్పు. కిందిది విప్పి ఆయిల్ అంతా పోయాక పైది పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే పడుకుంటుంది. దింపిన ఆయిల్‌ని తెల్ల పళ్ళెంలో పోసి ఎండలో చూడు. బంగారు పొడిలా సన్నగా మెరిస్తే అది ఇత్తడి రింగుల అరుగుదల, కొంత ఉండటం మామూలే. ఇనుప రేకులు, పంటి ముక్కలు కనిపిస్తే బాక్సు విప్పాల్సిందే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. వాగుల్లో దిగే బండి కాబట్టి ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కొత్తది బాక్సులోకి 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసులోకి 0.8 లీటరు పడుతుంది. బాక్సులోకి జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడుగు. షాపుల్లో ‘అన్నిటికీ ఇదే సార్’ అంటూ జీఎల్-5 చేతిలో పెడతారు. వెనక డిఫరెన్షియల్‌కి అది మంచిదే. సింక్రో రింగు పని చేయాలంటే గేరుకి ఉండే కోన్ (ఏటవాలు అంచు) మీద క్షణం సేపు పట్టాలి. జీఎల్-5 జారుడు ఆ పట్టుని తగ్గిస్తుంది, కొన్ని రకాలు వేడి మీద ఇత్తడిని కూడా తింటాయి. నువ్వు కొన్నాక ఆయిల్ మార్చి ఉంటే ఏది పోశారో కనుక్కో. రెండో గేరు గొడవలో సగం అక్కడే ఉందేమో.

ఇవన్నీ చూశాక కూడా నీకు బాక్సు దించక తప్పదు. ప్లేటు కాలింది కదా. క్లచ్ చూడాలంటే బాక్సు వెనక్కి రావాల్సిందే. మీ బావ మాట ఇక్కడ నాకు నచ్చింది. ట్రాక్టర్ని మధ్యకి చీల్చి క్లచ్ వేసే చేతులకి జిప్సీ ఏమంత పెద్దది కాదు. ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా ఉండటం ఇక్కడ వరం. దాన్ని దాని చోటే వదిలేసి బాక్సు ఒక్కటి దించొచ్చు.

తోటలో మట్టి మీద వద్దు, మోటారు షెడ్డు ముందు గచ్చు ఉంటే అక్కడ పెట్టుకోండి. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టండి. ఇటుకల మీద, రాళ్ళ మీద నిలబెట్టి కింద దూరొద్దు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీశాకే స్టార్టర్ వైర్ల జోలికి పోండి. గేరు లివర్ని పైనుంచే, బండిలో కూర్చుని, రబ్బరు పైకెత్తి మూత నొక్కి తిప్పి తీసెయ్యొచ్చు. చిన్న షాఫ్టు విప్పే ముందు ఫ్లాంజిలు రెండిటి మీదా పెయింటుతో ఒక గీత గియ్యండి, మళ్ళీ ఆ గీతల ప్రకారమే కలపాలి. రివర్సు లైటు వైరు మర్చిపోయి బాక్సు గుంజితే తెగేది అదే. ఇంజన్ కింద ఆయిల్ సంపుకి చెక్క అడ్డం పెట్టి జాకీ ఆనించండి, బాక్సు రాగానే ఇంజన్ వెనక భాగం కిందికి వాలుతుంది.

బాక్సు బయటికి వచ్చేటప్పుడు, మళ్ళీ పెట్టేటప్పుడు కూడా, తిన్నగా వెనక్కీ ముందుకీ జరగాలి. సగంలో చేతులు నొప్పెట్టి వదిలేస్తే దాని బరువంతా షాఫ్టు మీదుగా క్లచ్ ప్లేటు మధ్య భాగం మీద వేలాడుతుంది. కొత్త ప్లేటు కంటికి కనపడనంత వంగుతుంది, ఇక ఆ క్లచ్ జన్మలో సరిగ్గా విడవదు. ఇద్దరు మోస్తుంటే మూడోవాడు బోల్టు పెట్టేలా ముగ్గురు ఉండండి.

క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు విప్పగానే ఒక నిమిషం ఆగి చూడు. నీ బండి వాగులో ఏం అనుభవించిందో అక్కడ రాసి ఉంటుంది. ఫ్లైవీల్ మీద నెమలి మెడ రంగులో మచ్చలుంటే అది కాలిన గుర్తు. ఆ మచ్చల మధ్య వెంట్రుకల్లాంటి చీలికలు గోటికి తగులుతున్నాయేమో చూడు. మచ్చలైతే లేత్‌లో పలచగా ఫేసింగ్ చేయిస్తే సరిపోతుంది, లోతు చీలికలైతే ఫ్లైవీల్ మార్చాలి. ప్లేటు మీద రివెట్టు తలలు పైకి తేలాయా, ఇంకా లోపలే ఉన్నాయా? పైన అర మిల్లీమీటరు కూడా మిగలకపోతే దాని పని అయిపోయింది. ప్లేటు తడిగా, నల్లగా, ఆయిల్ వాసనతో ఉంటే మాత్రం ఇసుకని తిట్టొద్దు, సీలు కారుతోంది. ఇంజన్ వెనక సీలా, బాక్సు ముందు సీలా అన్నది వాసనే చెప్తుంది. గేర్ ఆయిల్‌ది కుళ్ళిన గుడ్డు లాంటి ఘాటు, ఒకసారి పీలిస్తే మర్చిపోవు. క్లచ్ ఉండే డబ్బాలో పేరుకున్న దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడిచెయ్.

సీలు గురించి నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి ఉంది. చాలా ఏళ్ళ కిందట నా జిప్సీకి క్లచ్ సెట్టు మార్చాను. ఇంజన్ వెనక సీలు పొడిగా, ముద్దుగా కనిపించింది. ‘బాగానే ఉందిగా, దీన్నెందుకు కదిలించడం’ అనుకుని వదిలేశాను. నెల తిరక్కుండా మైపాడు దారిలో బండి జారడం మొదలెట్టింది. మళ్ళీ దించితే కొత్త ప్లేటు పకోడీలా నూనెలో తేలుతోంది. సీలు ఖరీదు అప్పట్లో ఒక హోటల్ భోజనమంత. దాన్ని మిగిల్చినందుకు సెట్టు మొత్తం రెండోసారి కొన్నాను, మూడు రోజులు రెండోసారి బండి కింద పడుకున్నాను. అందుకే చెప్తున్నాను, బాక్సు ఒకసారి కిందికి వచ్చాక క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న పైలట్ బేరింగు, ఇంజన్ వెనక సీలు, బాక్సు ముందు సీలు, కేబుల్, ఇవన్నీ కొత్తవే పడాలి. పాతవి బాగున్నాయా అని అడగొద్దు. ముఖ్యంగా పైలట్ బేరింగు. అది పట్టేస్తే క్లచ్ తొక్కినా షాఫ్టు ఇంజన్‌తో పాటే తిరుగుతుంది, నీ పొద్దుటి రివర్సు గరగరకి అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.

బిగించేటప్పుడు షెడ్డు కుర్రాళ్ళు చేసే ఒక పని చెయ్యొద్దు. కొత్త రిలీజ్ బేరింగుని పెట్రోలులో కడిగేస్తారు, శుభ్రంగా ఉంటుందని. లోపల కంపెనీ పెట్టిన గ్రీజు ఆ పెట్రోలులో పోతుంది, ఆరు నెలల్లో అరుపు. పెట్రోలుతో తుడవాల్సింది ప్రెషర్ ప్లేటు ముఖం, తుప్పు పట్టకుండా దాని మీద నూనె పూసి వస్తుంది. ప్లేటుని గ్రీజు చేతులతో ముట్టుకోవద్దు. స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు గేర్‌బాక్సు దిక్కుకి రావాలి. కొన్నిటి మీద ఏ వైపు ఫ్లైవీలో అచ్చు వేసే ఉంటుంది. ప్లేటుని మధ్యకి నిలబెట్టడానికి పాత బాక్సు షాఫ్టు ఒకటి దొరికితే దాన్ని గుచ్చి పట్టుకుంటే చాలు. దొరక్కపోతే ఊళ్ళో వడ్రంగితో ఆ లావున కర్ర చెక్కించుకో, పని అదే. బోల్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి.

బాక్సు లోపలి పని మాత్రం మీ బావకి వద్దని నా మాట. ఆయన చేతి మీద అపనమ్మకం లేదు. బేరింగులు ఊడదీయడానికి ప్రెస్సు, పుల్లరు కావాలి. సుత్తితో కొడితే కొత్త బేరింగు కొట్టినచోటే చస్తుంది. బాక్సుని గోనె పట్టాలో చుట్టి ఆటోలో వేసుకుని నెల్లూరు ఆటోనగర్‌లో బాక్సు పని ఒక్కటే చేసేవాళ్ళ దగ్గరికి పట్టుకుపో. బండి మొత్తం తోలుకుపోతే అది వాళ్ళ షెడ్డులో నెల రోజులు ఎండలో నిలబడుతుంది. బాక్సు ఒక్కటే అయితే బల్ల మీద అడ్డంగా ఉంటుంది కాబట్టి త్వరగా వదిలించుకుంటారు. విప్పేటప్పుడు నువ్వు పక్కన ఉండు. రెండో గేరు ఇత్తడి రింగుని దాని కోన్ మీద నొక్కి, రింగుకీ గేరు పళ్ళకీ మధ్య ఖాళీ ఎంతుందో ఫీలర్ గేజితో కొలవమను. కొత్తదానికి మిల్లీమీటరు పైనే ఉంటుంది. అర మిల్లీమీటరుకి దిగిందంటే రింగు మార్చాలి. ‘అంతా పోయింది’ అనే మాటకి ఇదే జవాబు, కొలిచి చూపించమను. మార్చిన పాత సామాను అంతా సంచిలో వేసి నీ చేతికి ఇమ్మని ముందే చెప్పు.

సెకండ్ హ్యాండ్ బాక్సు గురించి అడిగావు. నీ బాక్సు గురించి నీకు ఇప్పుడు ఇంత తెలుసు. ఆ వచ్చే బాక్సు గురించి ఏం తెలుసు? బయట నల్ల పెయింటు కొట్టి ఉందని తప్ప. నీదాంట్లో కేసు పగిలితేనో, గేర్ల పళ్ళే విరిగితేనో అప్పుడు ఆలోచిద్దాం. అలాంటి అవసరమే వస్తే చెన్నై పుదుపేటలో వెతకడం నీకు దగ్గర, విజయవాడ ఆటోనగర్ కూడా ఉంది. ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరే ఉంటాయి, గేర్‌బాక్సు నంబరు ఉండదు, కాబట్టి ఆ దిగులు లేదు. ఎక్కడ ఏ సామాను కొన్నా ‘జిప్సీ’ అని ఆగిపోవద్దు, ‘కింగ్’ అని చెప్పు. 1985లో వచ్చిన మొదటి జిప్సీది 970 సీసీ ఇంజన్, నాలుగు గేర్ల బాక్సు. 1996 నుంచి వచ్చిన కింగ్‌ది 1298 సీసీ, అయిదు గేర్లు. పాత ప్లేటు చేతిలో పట్టుకుపోయి పక్కన పెట్టి పోల్చుకుంటే ఇంకా మంచిది.

42 వేల లెక్కకి నేను వేరే అంకె వెయ్యను, సామాను ధర ఊరికో రకం. సెకండ్ హ్యాండ్ బాక్సు ఖరీదు అందులోంచి తీసేయించి, బేరింగులు, రింగు, సీళ్ళ ధరలు విడివిడిగా కాగితం మీద రాయించు. తేడా నీకే కనిపిస్తుంది.

చివరగా ఆ చిన్న లివర్. నిజం చెప్పాలంటే నీ క్లచ్ కాలింది దాన్ని వాడకపోవడం వల్లే. ట్రాన్స్‌ఫర్ కేసులో మామూలు గేరు నిష్పత్తి 1.409, ఆ చిన్న లివర్‌తో వేసే ‘లో’లో 2.268. అంటే అదే ఇంజన్‌తో, అదే మొదటి గేరులో చక్రానికి ఒకటిన్నర రెట్లకి పైగా బలం అందుతుంది, చక్రం అంత నెమ్మదిగా తిరుగుతుంది. ఇసుకలో హాఫ్ క్లచ్ మీద గింజుకోవాల్సిన అవసరమే ఉండదు, క్లచ్ పూర్తిగా వదిలేసి పాకించొచ్చు. లివర్ పట్టేసిందంటే ఎక్కువసార్లు రబ్బరు కింద మట్టి, తుప్పు చేరడమే. బాక్సు దించినప్పుడు అక్కడంతా చేతికి అందుతుంది, శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి నాననివ్వు. లోలోకి వేసేటప్పుడు బండి పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి ఉండాలి. పడకపోతే బండిని ఒక జానెడు ముందుకీ వెనక్కీ తొయ్యండి, పళ్ళు ఎదురుపడి పడుతుంది. ముందు చక్రాల మధ్యలో తిప్పే హబ్బులుంటే వాటిని లాక్‌కి తిప్పడం మర్చిపోవద్దు, లేకపోతే ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. తార్రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వద్దు. నెలకోసారి తోటలో మెత్తటి మట్టి మీద పది నిమిషాలు నడిపితే మళ్ళీ పట్టెయ్యదు. వాగు దాటేముందు టైర్లలో గాలి సగానికి తగ్గించుకుంటే ఆ సుఖమే వేరు, ఒడ్డెక్కాక కొట్టించుకోవడం గుర్తుంటే చాలు.

ఉత్సవాలకి బండి కావాలంటే నెల ముందే దించండి. కొత్త ప్లేటు కుదురుకోవడానికి మొదటి ఐదారు వందల కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి, ఆ రోజుల్లో బస్తాలు సగమే వెయ్యి. వంద కిలోమీటర్లు తిరిగాక పెడల్ అంగుళం మళ్ళీ కొలువు, కొత్త కేబుల్ మొదట్లో కొంచెం సాగుతుంది. ఇంతకీ ఆయిల్ దింపినప్పుడు పళ్ళెంలో ఏం కనిపించిందో నాకు రాయి. ఇనుప ముక్కలుంటే నేను చెప్పిందాంట్లో సగం మార్చి చెప్పాల్సి వస్తుంది.